చెట్టు మీద ఎరుపూ తెలుపూ

అక్కా,

ఈరోజు నీ సంవత్సరీకం. నీ కూతురు కమల దగ్గర నెల రోజులుండి, మొన్ననే ఫ్రాన్సు నుంచి ధర్మపురికి తిరిగొచ్చాను.

అక్కడ ఉన్నన్నాళ్ళూ కమల నీ పేరెత్తలేదు. తంతి ఆలస్యంగా అందడంతో నీ కడసారి చూపుకు రాలేకపోయిన పిల్ల. నేనూ కదిలించలేదు.

ఒక ఉదయం వాళ్ళ ఊరి పైన్ అడవిలోకి నడకకు తీసుకెళ్ళింది. ఏటి పక్కనే సాగే బాట, నా మోకాళ్ళకు కూడా కష్టం లేదు. రాలిన సూదుల్లాంటి ఆకులతో నేలంతా మెత్తగా ఉంది. కొంత దూరం పోయాక ఒక చెట్టు మొదలు మీద తెల్ల పట్టె, దాని కింద ఎర్ర పట్టె కనిపించాయి, మన గుడి గోడకు సున్నమూ కావీ పూసినట్టే. నేను చెప్పులు విడిచి దండం పెట్టుకున్నాను.

కమల పకపకా నవ్వింది. "పిన్నీ, అది సామి కాదు! నడిచేవాళ్ళు దోవ తప్పకుండా రంగు పూసినారు, అంతే."

"రంగు చూస్తానే చేతులు లేచినాయే, నేనేం చేసేది? మీ అమ్మ ఉండుంటే ఈపాటికి నిన్ను కర్పూరం అడిగుండును."

నవ్వు ఆగిపోయింది. కాసేపు ఆ చెట్టునే చూసింది. తర్వాత ఆకుల మీద కూర్చుని, తల వంచుకుని బూట్ల తాళ్ళు విప్పడం మొదలుపెట్టింది.

రెండు ముడులకు చాలాసేపు పట్టింది, అక్కా. నేను ఏటివైపు తిరిగి నిలబడ్డాను.