కొట్టు గడప దగ్గర

ఆదివారం, భవానీపురం

ఇవాళ ఆఫీసు వాళ్ళతో చల్లపల్లి అవతల ఉన్న ఆ కాటేజీలకి వెళ్ళొచ్చాను. ఒకప్పటి ఎస్టేటు వాళ్ళ రాతి ధాన్యపు కొట్టు అది. మధ్యలో గోడలు లేపి ఆరు గదులు చేశారు. నాన్న జీవితమంతా అందులోనే వడ్లు కొలిచాడని ఎవరికీ చెప్పలేదు.

గడప దగ్గర నాకు తెలియకుండానే చెప్పులు విప్పేశాను. చిన్నప్పుడు క్యారేజీ తీసుకెళ్తే నాన్న చెప్పులతో లోపలికి రానిచ్చేవాడు కాదు, కింద గింజలుంటాయని.

"పర్లేదు మేడమ్, చెప్పులతోనే రండి" అన్నాడు మేనేజరు.

పక్క సీటు సుజాత నవ్వింది. "గుడి అనుకున్నారా ఏంటండీ?"

మడమ నొప్పిగా ఉందన్నాను. ఎందుకలా అన్నానో తెలీదు. మా నాన్న ఇక్కడ పనిచేసేవారని ఒక్క మాట అంటే సరిపోయేది. ఎవరూ ఏమీ అనుకునేవాళ్ళు కాదు కూడా.

మాకిచ్చిన గదిలో మంచం ఉన్న చోటే నాన్న కుంచం పట్టుకుని కూర్చునేవాడు. మొదటి కుంచానికి ఒకటి అనేవాడు కాదు, 'లాభం' అనేవాడు. తర్వాతే రెండు, మూడు. ఆ మంచం మీద కూర్చుని ఏడుపొస్తుందేమోనని చూశాను. రాలేదు. ఏసీ చల్లగా ఉంది. కాఫీ ఇస్తే తాగాను.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో సుజాత బ్యాగులోంచి ఆయింట్‌మెంట్ తీసి ఇచ్చింది, పడుకునే ముందు మర్చిపోకుండా రాసుకోమని.

ఇందాకే రాసుకున్నాను. ఏ కాలని చెప్పానో గుర్తు రాక, రెండు మడమలకీ రాసుకున్నాను.