యాపిల్ జ్యూస్ గ్రాఫ్

బావా,

నువ్వు పోయి నేటికి ఏడాది. అక్క పులిహోరలో ఉప్పు మరిచింది. నీ ఫోటో ముందు పెడితే, మొదటిసారి నువ్వు వంక పెట్టలేదు.

నీ ల్యాబ్ ఇప్పుడు నీ శిష్యురాలు స్వాతి చూస్తోంది. నా టెన్త్ ఫెయిల్ బుర్రకి అర్థమైనంతలో, మూత్రంలో ఏమేం ఉన్నాయో విడదీసి గీతలు గీసే కొత్త మెషిన్ వచ్చింది. దాన్ని సరిచూడటానికి ఆరోగ్యవంతుల శాంపిల్ కావాలంటే పోయిన వారం ఇచ్చాను. మర్నాడే ఫోన్.

"అంకుల్, మళ్ళీ యాపిల్ జ్యూస్ పోశారా? షుగర్ గీత సీలింగ్‌కి తగులుతోంది!"

"ఒట్టమ్మా, ఈసారి నాదే."

"అప్పుడు శాంపిల్ బదులు జ్యూస్ పోసి, సార్‌కి కూడా ఇలాగే ఒట్టు వేశారట!"

అక్క కూడా నమ్మలేదు. చివరికి బాత్‌రూమ్ బయట స్వాతి కాపలా ఉండగా మళ్ళీ ఇచ్చాను. గీత మళ్ళీ అంతెత్తు లేచింది. స్వాతి నవ్వు ఆగిపోయింది. తనే డ్రైవ్ చేసి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళింది. ఇప్పుడు నాకు రెండు పూటలా మాత్రలు, స్వీట్లు బంద్.

నా పాత జ్యూస్ గ్రాఫ్ ఇంకా ల్యాబ్ గోడ మీదే ఉంది. కింద నీ చేతిరాత: 'మా బావమరిది. జాతి: యాపిల్.'

పక్కనే కొత్తది అంటించి, కింద నేనూ రాశాను: 'ఈసారి నాదే బావా. నువ్వైనా నమ్ము.'