ముందే పెట్టిన టిక్కులు

జూలై 8, సోమవారం
ఏడో బెడ్ వెంకటలక్ష్మమ్మది. కోడుమూరు పక్క పల్లె, డెబ్బై ఎనిమిదేళ్ళు. గొడ్ల కొట్టంలో జారిపడి తుంటి ఎముక విరిగింది. శనివారం ఆపరేషన్ అయింది, రేపటి నుంచి నడిపిస్తారు. యూరిన్ పైపు ఇక తీసేయాలి. తియ్యలేదు. తీస్తే పూటకు నాలుగుసార్లు ఇద్దరం పట్టుకుని బెడ్‌పాన్ పెట్టాలి. వార్డులో ముప్పై మందికి నర్సులం నేనూ శిరీనూ, ఇద్దరమే.

పైపు ఇంకా అవసరమా అని రోజూ చూసి చార్టులో టిక్కు పెట్టాలి. వచ్చే శుక్రవారం దాకా ఇవాళే ఒకేసారి "అవును" కొట్టేశాను. ఆ చార్టు మీద మార్చిలో వార్డంతటికీ ట్రైనింగ్ ఇచ్చింది నేనే. చప్పట్లు కూడా కొట్టారు.

జూలై 10
పైపు పీకెయ్ తల్లీ, మంట పుడతాండాది, నేనే లేచి పోతా అంటోంది. రేపు చూద్దాంలే అవ్వా అన్నాను. అవ్వా అని మెల్లగా పిలిస్తే చాలు, ఊరుకుంటుంది.

జూలై 11
మళ్ళీ అడిగింది. రేపన్నాను.

జూలై 12, ఉదయం 7
చలిజ్వరం. నూట మూడు. ఎప్పుడో పోయిన మొగుణ్ణి గొడ్లు తోలుకురమ్మని కేకలేస్తోంది. బ్యాగులో యూరిన్ మడ్డిగా ఉంది. శిరీన్ చూసి డాక్టర్‌ను పిలిచింది. పైపు వల్ల వచ్చిన ఇన్ఫెక్షన్. పైపు తీసేశారు. డాక్టర్ చార్టు తిరగేసి, ఇవాళ్టి టిక్కు కూడా పడిందే, గుడ్ అన్నాడు. నేను చార్టు తీసుకుని మళ్ళీ బెడ్‌కు తగిలించాను.

జూలై 14
జ్వరం తగ్గింది. నిలబెడితే మాత్రం కాళ్ళు వణుకుతున్నాయి, అడుగు పడటం లేదు. కొడుకు ఓబుళేశు వచ్చి, ఎందుకిట్లయింది సిస్టరమ్మా అని అడిగాడు. నీళ్ళు సరిగ్గా తాగదు కదా అనేశాను. నా నోరు పడిపోను!

అతను తల్లి మీద లేచాడు. తాగమంటే తాగవు, మా ప్రాణాలు తీస్తాండావు అని. ఆమె తల వంచుకుని తప్పయిపోయింది నాయనా అంది. చెంబెడు నీళ్ళు గటగటా తాగింది, నా ముందే. నేను చూస్తూ నిలబడ్డాను. థూ, నా బతుకు.

జూలై 15
చెప్పేశాను, తల్లీకొడుకులిద్దరికీ. పైపు సోమవారమే తియ్యాల్సింది, నా బద్ధకమే ఇంత చేసింది, నీళ్ళ మాట అబద్ధం అని. డాక్టర్‌కూ రాసిచ్చాను. ఓబుళేశు తల్లి మంచం పట్టె మీద కూర్చున్నాడు. మా అమ్మను నా చేత తిట్టిచ్చినావు కదమ్మా అన్నాడు. అంతే.

జూలై 16
బెడ్‌పాన్ తీసుకెళ్ళాను. శిరీన్ వచ్చేదాకా ఆపుకుంటానంది.