పన్నెండో అంతస్తు కాపలా

అత్తయ్యా,

మీ సంవత్సరీకం అవగానే ఈ ఫ్లాట్ అద్దెకిచ్చేసి గుర్‌గావ్ వెళ్ళిపోదాం అనుకున్నాం. గ్రేటర్ నోయిడాలో ఈ మూల నుంచి రోజూ ఆఫీసుకి పోయి రావడం ఇక నావల్ల కావడం లేదు.

నిన్న ఇల్లు చూడ్డానికి ఒకావిడ వచ్చింది. "దీదీ, పావురాలకి వల కట్టించలేదేం?" అంది బాల్కనీలో నిలబడి. వల కడితే కింద మడుగు సరిగ్గా కనపడదని మీరు కట్టనివ్వలేదని ఆవిడకేం చెప్పను? పక్కనున్న ఊరివాళ్ళు వంతులేసుకుని ఆ చిత్తడినేలని కాపాడుకుంటున్నారు. అక్కడ గూడు పెట్టే సారస్ కొంగలవైపు కుక్కలు వస్తే ముందుగా కనిపించేది మాత్రం మన బాల్కనీ నుంచే. మీరు ఫోన్ చేస్తే ఊళ్ళోంచి సరిత కర్ర పట్టుకుని పరిగెత్తేది. మీరు పోయాక ఆ వంతు నా మెడకి చుట్టుకుంది. నన్నెవరూ అడగను కూడా లేదు.

ఆవిడ వంటిల్లు చూస్తుండగానే కుక్కలు గట్టు దిగాయి. ఫోన్లో గట్టిగా అరిచాను. సరిత వచ్చేదాకా పెద్ద కొంగలు రెండూ రెక్కలు విప్పి అడ్డం నిలబడ్డాయి. గూట్లోని కొంగపిల్ల బతికింది. ఇల్లు ఇప్పుడే ఇవ్వడం లేదని చెప్పి ఆవిడని పంపేశాను.

"ఈ పిల్ల ఎగిరేదాకే. తర్వాత వెళ్ళిపోతాను" అన్నాను సరితతో, కోపంగానే.

ఆమె నవ్వింది. "ఠీక్ హై దీదీ. అమ్మాజీ కూడా ఏటా ఇదే అనేవారు. పిల్ల ఎగరగానే తెనాలి వెళ్ళిపోతానని."

మీకిక్కడ బాగుందనే అనుకున్నాను, అత్తయ్యా.

మీ ప్లాస్టిక్ కుర్చీ తుడిచి, మళ్ళీ బాల్కనీలో వేసుకున్నాను.