హల్వా రోజు మాత్ర

చోడవరం,
12-8-1996.

శ్రీవారికి, హిమబిందు నమస్కారాలు. అందరం క్షేమమని మొదట రాయడం ఆనవాయితీ కాబట్టి రాస్తున్నాను. నమ్మే ముందు చివరిదాకా చదవండి.

పాడేరు నుంచి మీరు రాసిన ఉత్తరం అందింది. మాత్రలు వాడుతున్నా అమ్మకు రక్తంలో కొవ్వు, అదే ఆ ట్రైగ్లిజరైడ్లు, ఎందుకు తగ్గలేదు, వంటలో నూనె తగ్గించడం లేదా అని అడిగారు. ఎంత సులువుగా అడిగారండీ. మన ఇంట్లో నూనె సీసా అటకెక్కి చాలా కాలమైంది. పిల్లలు నన్ను తిట్టుకుంటూ ఉడకేసిన కూరలే తింటున్నారు.

అసలు సంగతి వినండి. డాక్టరుగారు రోజూ రెండు పూటలా, భోజనానికి అరగంట ముందు వేసుకోమన్నారు కదా. మీ అమ్మ వేసుకోవడం లేదు. నేను మాత్ర చేతిలో పెడతాను, ఆవిడ నీళ్లు తాగుతుంది, మాత్ర కొంగున ముడిపడుతుంది. నిలదీస్తే నాకే పాఠం చెప్పింది.

"నూనె నేని కూరకి మాత్ర దేనికే? దండగ. హల్వా తిన్నరోజు రెండేసుకుంతన్నాను. అది కరిగించేస్తది."

ఆ హల్వా ఎక్కడిదంటారా? మీరు వచ్చినప్పుడల్లా మాడుగులలో బస్సు దిగి కొని తెచ్చేదే. మీరు వెళ్లిపోయాక మిగిలింది ఆవిడ పెట్టెలో దాచుకుంటుంది. మందు రోజూ పడితేనే పనిచేస్తుందని, తీపి కూడా రక్తంలో ఆ కొవ్వునే పెంచుతుందని చెప్పి చెప్పి నా నోరు నొప్పెట్టింది.

ఇక, రాయనని ఒట్టేసిన మాట. పోయిన వారం ఆవిడ కడుపునొప్పితో మెలికలు తిరిగిపోయింది. అనకాపల్లి తీసుకెళితే సెలైన్ పెట్టారు. కొవ్వు మితిమీరి క్లోమం వాచిందట, మళ్లీ వస్తే ప్రాణానికే ముప్పన్నారు. ఇప్పుడు ఇంట్లోనే ఉంది, గంజి తాగుతోంది. మీకు రాయొద్దని చేతిలో చెయ్యి వేయించుకుంది. ఎందుకని విసుక్కుంటే గోడవైపు తిరిగి పడుకుని చెప్పింది.

"హల్వా ఒద్దంతే ఆడు మరి రాడే. ముందు పండక్కే వచ్చీవోడు. నాకిష్టమని సెప్పినకాడ్నించి నెలనెలా వస్తన్నాడు."

ఆవిడ మీద నా కోపం అక్కడితో పోయింది. మీ మీద మొదలైంది.

ఆదివారం రండి. మాడుగులలో దిగకండి. ఖాళీ చేతులతో వచ్చి, మీరే మాత్ర ఇచ్చి, మింగేదాకా చూడండి. ఆ తర్వాత అన్నానికి అరగంట ఆగాలి కదా. ఆ అరగంటా ఆవిడ పక్కనే కూర్చోండి.

ఇట్లు,
మీ అమ్మకిచ్చిన మాట తప్పిన
మీ భార్య,
హిమబిందు