బెల్టు పక్కన జరీ కండువా

1958 ఫిబ్రవరి 3, సోమవారం

మిల్లులో సూపర్వైజరు పని మొదలు. గుడివాడ రోడ్లన్నీ వడ్ల బళ్లే. సుశీల పాయసం చేసింది. సగం గిన్నెలోనే వదిలేశాను. ఇంజను దగ్గర మేస్త్రీ ఎవరు? సుశీల నాన్న! పిల్లనిచ్చిన మావగారికి నేను పని చెప్పాలట.

ఫిబ్రవరి 4

మావయ్యగారు భుజాన జరీ కండువాతోనే ఇంజను దగ్గర నిలబడతారు. పక్కనే బెల్టు గిర్రున తిరుగుతూ... కండువా కొస దానికి జానెడు దూరం. లాగేసిందంటే మనిషే ఉండడు. ఆ కండువా మా పెళ్లిలో మావాళ్లు పెట్టిందే. తియ్యమని ఏ నోటితో చెప్పను?

ఫిబ్రవరి 6

చెప్పేశాను. అంటే... గోడకేసి చూస్తూ, అందరికీ వినపడేలా. "బెల్టు దగ్గర కండువాలూ తువ్వాళ్లూ ఉండకూడదండోయ్!" జల్లెడ దగ్గర వెంకన్న తలగుడ్డ తీసేశాడు. బస్తాలు కుట్టే మంగమ్మ కొంగు బిగించింది. మావయ్యగారు దగ్గరకొచ్చి మరీ మెచ్చుకున్నారు. "బాగా చెప్పారు అల్లుడుగారూ, వీళ్లకి బొత్తిగా భయం లేదు." అంటూనే కండువా సర్దుకున్నారు.

ఫిబ్రవరి 7

సుశీలతో చెప్పించబోయాను. "మీ మిల్లు గొడవ నా వంటింట్లోకి తేకండి."

ఫిబ్రవరి 8, శనివారం

మావయ్యగారు నూనె పొయ్యడానికి వంగారు. కండువా కొస బెల్టులో పడింది. "వదిలెయ్ మావయ్యా!" అని అరిచాను. గారూ లేదు, మీరూ లేదు. భుజాన ఊరికే వేసుకున్నారు కాబట్టి జారిపోయింది, మెడకి చుట్టుకుని ఉంటే... జరీ అంతా పీలికలు. ఆయనకి గీత కూడా పడలేదు. దేవుడా, నీకు వెయ్యి దండాలు.

ఇంజను ఆపి, మంచినీళ్లు తాగి, నా వైపు తిరిగారు.

"మొన్న అన్నది నన్నేనా?"

"మిమ్మల్నేనండి."

"నాతోనే అనొచ్చుగా. గోడకి కండువా ఎక్కడుందండీ?"

నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

ఫిబ్రవరి 10

కొత్త కండువాతో వచ్చారు. మళ్లీ మొదటికే వచ్చిందనుకున్నాను. ఆయన తిన్నగా నా బల్ల దగ్గరకొచ్చి, మడిచి పెట్టారు. "ఇంటికెళ్లేటప్పుడు ఇద్దురుగాని."

మధ్యాహ్నం నేనే వెళ్లి, మొహం చూసే చెప్పాను. "మావయ్యగారూ, బెల్టు వదులైంది. ఇంజను ఆపి బిగించండి." ఆకాశమేమీ ఊడిపడలేదు. "అలాగేనండి" అన్నారు, అంతే. ఎంత హాయిగా ఉందో! రాత్రి మారు అన్నం వడ్డించుకున్నాను. సుశీల వింతగా చూసింది.

ఫిబ్రవరి 11

రేపు ఓనరుగారు బందరు నుంచి వస్తున్నారట. మిల్లంతా తిరిగి చూస్తారట, ఇంజనుతో సహా. ఆయన పట్టు ఉత్తరీయం నేల మీద జీరాడుతుంది. మావయ్యగారు నా వంక చూశారు. గోడ వంక చూశారు. "రేపు ఎవరితో చెబుతారు?"

ఇందాకటి నుంచీ అద్దం ముందు నిలబడి అనుకుంటున్నాను. "అయ్యా, తమరి ఉత్తరీయం..." అక్కడిదాకా వచ్చింది.