గోడ మీద గీసిన గేరు రాడ్డు

బావా,

ఇవాళ నీ లారీకి కొత్త గేరు రాడ్డు చేశాను. భుజం నొప్పికి చెయ్యి చాపలేకపోతున్నానని, ఎంత వంపు కావాలో నువ్వు నా లేత్ షాపు గోడ మీద సుద్దముక్కతో గీశావే, ఆ గీత ఇంకా చెరగలేదు. వినుకొండ లోడు దింపి వచ్చినప్పుడల్లా నవ్వుతూ అడిగేవాడివి. "రేపు చూద్దాంలే బావా" అనేవాణ్ణి.

నువ్వు పోయాక నీ సీట్లో కూర్చున్న డ్రైవరు, పాత రాడ్డు విరిగిందని పొద్దున్నే వచ్చి నా మీద అరిచాడు. "ఏందయ్యా నీ యవ్వారం? చేస్తావా, చెయ్యవా?"

ఒళ్ళు మండింది. అయినా మధ్యాహ్నానికల్లా కడ్డీ కాల్చి, నీ గీత ప్రకారమే వంచి బిగించాను.

"చానా హాయిగా అందుతుందన్నా" అన్నాడు. వాడి చెంప పగలగొట్టాలనిపించింది.

వాడికున్న నోరు నీకేమైంది బావా? ఒక్కసారి నన్ను తిట్టి చావొచ్చుగా!